టీ పెట్టెల వెనకున్న జీతాల గొడవ

అమెరికా విప్లవం అనగానే మన స్కూలు పుస్తకాల్లోంచి గుర్తొచ్చేది ఒకే ఒక్క బొమ్మ. బోస్టన్ రేవులో ఓడ, దాని మీద మోహాక్ తెగ వేషం కట్టిన జనం, నీళ్లలోకి పడుతున్న టీ పెట్టెలు. కింద రెండు ముక్కలు: బ్రిటన్ విపరీతంగా పన్నులు వేసింది, వలస ప్రజలు భరించలేక తిరగబడ్డారు. పరీక్షలో అంత రాస్తే చాలు, మార్కులు పడేవి. బోస్టన్ వెళ్లినా అదే కథ. అక్కడి మ్యూజియంలో ఓడ ఎక్కించి, చేతికో ఉత్తుత్తి టీ మూట ఇచ్చి, నీళ్లలోకి విసరమంటారు. మా వాళ్లు ఫోన్లో వీడియో తీస్తుంటే నేనూ విసిరాను. మూటకి తాడు కట్టి ఉంటుంది. పైకి లాగి తర్వాతి వాళ్లకిస్తారు. సరదాగానే ఉంటుంది.

కానీ ఆ రెండు ముక్కల్లో మొదటిది నిజం కాదు. పన్నులు విపరీతంగా ఏమీ లేవు. 1765 ప్రాంతంలో బ్రిటన్‌లో ఉండేవాడు సగటున ఏడాదికి 26 షిల్లింగుల పన్ను కట్టేవాడని చరిత్రకారుల అంచనా. బోస్టన్ ఉన్న వలస రాజ్యం మసాచుసెట్స్‌లో ఉండేవాడు కట్టింది ఒక్క షిల్లింగు. అంతకన్నా తమాషా ఏమిటంటే, పెద్ద గొడవలకు దారితీసిన చట్టాల్లో రెండు నిజానికి భారం తగ్గించినవే. 1764 షుగర్ చట్టం చెరకు మడ్డి మీద అంతకుముందున్న సుంకాన్ని సగం చేసింది. 1773 టీ చట్టంతో బోస్టన్‌లో టీ చవకయ్యేది. సామ్రాజ్యంలోకెల్లా తక్కువ పన్ను కట్టే జనం, పన్ను తగ్గిస్తే తిరగబడ్డారన్నమాట. దీనికి "స్వేచ్ఛా కాంక్ష" అని ఒక్క మాటతో జవాబు చెప్పి దాటేస్తే నాకు ఒప్పదు. నా లెక్కలో అసలు గొడవ పన్ను ఎంత అన్నది కాదు. ఆ డబ్బుతో ఎవరి జీతాలు ఇస్తారు, జీతం తీసుకున్నవాడు ఎవరి మాట వింటాడు అన్నది.

ముందు లండన్ వైపు వాదన వినాలి, ఎందుకంటే అది అంత తీసిపారేసేది కాదు. ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ గెలిచింది గానీ అప్పుల్లో నిండా మునిగింది. యుద్ధానికి ముందు ఏడున్నర కోట్ల పౌండ్ల దగ్గరున్న జాతీయ రుణం 13 కోట్లకు చేరింది. వచ్చే ఆదాయంలో సగం దాకా వడ్డీలకే పోయేది. ఫ్రెంచివాళ్ల దగ్గర గెలుచుకున్న ప్రాంతాలకు కాపలాగా పది వేల మంది సైనికులను అమెరికాలో ఉంచాలనుకున్నారు. మీ కాపలా ఖర్చులో కొంతైనా మీరు పెట్టుకోండి అని అడగడంలో అన్యాయం నాకేమీ కనిపించదు. అప్పటి ప్రధానమంత్రి జార్జ్ గ్రెన్‌విల్ లెక్కల మనిషి. అమెరికా కస్టమ్స్ పద్దులు తీయిస్తే, ఏడాదికి వసూలయ్యేది రెండు వేల పౌండ్ల లోపు, ఆ వసూలుకయ్యే ఖర్చు ఏడెనిమిది వేలు అని తేలింది. ఎలాంటి ఆడిటర్‌కైనా ఒళ్లు మండే లెక్క అది.

అంత తక్కువ ఎందుకు వచ్చేదంటే, ఎవరూ కట్టేవాళ్లు కాదు కాబట్టి. రమ్ము కాచడానికి కావలసిన చెరకు మడ్డి ఫ్రెంచి దీవుల నుంచి వచ్చేది. దాని మీద గ్యాలనుకు 6 పెన్నీల సుంకం 1733 నుంచీ కాగితం మీద ఉంది. వ్యాపారులు ఆఫీసరు చేతిలో ఎంతో కొంత పెట్టి సరుకు దింపుకునేవాళ్లు. ముప్పై ఏళ్లు ఇలాగే నడిచింది. గ్రెన్‌విల్ దాన్ని 3 పెన్నీలు చేశాడు, కాకపోతే ఈసారి ముక్కు పిండి వసూలు చేస్తానన్నాడు. పన్ను సగమైందని సంతోషించాల్సిన వాళ్లు ఎందుకు భగ్గుమన్నారో తెలియాలంటే ఆ చట్టంలో సుంకం రేటు రాసిన చోట కాదు, కోర్టుల గురించి రాసిన చోట చదవాలి.

బోస్టన్ వ్యాపారి ఓడను కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారనుకుందాం. కేసు అతని ఊళ్లోనే నడవాలని లేదు. ఎక్కడో ఉత్తరాన నోవా స్కోషియాలో, హాలిఫాక్స్‌లో కొత్తగా పెట్టిన నౌకా కోర్టుకు లాక్కెళ్లొచ్చు. అక్కడ జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కడే. సరుకు అక్రమమని ఆఫీసరు నిరూపించక్కర్లేదు, సక్రమమని యజమానే నిరూపించుకోవాలి. ఓడిపోతే జప్తయిన సొమ్ములో మూడో వంతు గవర్నరుకు, ఇంకో మూడో వంతు పట్టుకున్నవాడికి. పోనీ యజమానే గెలిచాడు. ఆఫీసరు అనుమానపడటానికి కారణం ఉంది అని జడ్జి ఒక్క ముక్క రాసిస్తే చాలు, అన్నాళ్లు ఓడ ఆగిపోయిన నష్టానికి దమ్మిడీ రాదు. లంచం తిని ఊరుకునే ఆఫీసరుతో వ్యాపారి బతకగలడు. పట్టుకుంటే వాటా దక్కే ఆఫీసరుతో బతకడం కష్టం. ఈ ఏర్పాటు రాసినవాడికి అప్పుల లెక్క బాగానే తెలుసు గానీ మనుషుల లెక్క తెలియదు.

1765 స్టాంపు చట్టం గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. కోర్టు కాగితాలు, పత్రికలు, పంచాంగాలు, పేకముక్కలు, కాలేజీ డిగ్రీ పట్టాలు, అన్నింటికీ స్టాంపు కాగితం వాడాలన్నారు. బ్రిటన్‌లో ఇలాంటి పన్ను 1694 నుంచే ఉంది. ఆగస్టులో బోస్టన్ జనం స్టాంపుల ఏజెంటు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. పన్నెండు రోజుల తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇంటిని గోడలు మాత్రం మిగిల్చి ఊడ్చేశారు. ఆయన రాసుకుంటున్న మసాచుసెట్స్ చరిత్ర రాతప్రతి వీధి బురదలో పడింది. పాపం, స్టాంపు చట్టం మంచిది కాదని లోలోపల అనుకున్నవాళ్లలో ఆయన కూడా ఒకడు. గుంపుకి అవన్నీ ఎక్కడ పడతాయి.

నాకు ఆ ఏడాది అల్లర్ల కన్నా డేనియల్ డులానీ అనే మేరీలాండ్ లాయరు వాదన ముఖ్యం. మాకు పార్లమెంటులో ప్రతినిధి లేడు అని వలస ప్రజలు అంటే, మాంచెస్టర్‌కీ లేడు, బర్మింగ్‌హామ్‌కీ లేడు, అయినా పార్లమెంటు అందరి తరఫునా ఆలోచిస్తుంది అని లండన్ జవాబిచ్చింది. దానికి డులానీ చెప్పింది ఇది: మాంచెస్టర్‌లో ఓటు లేనివాడి మీద పన్ను వేస్తే, అదే పన్ను ఓటు ఉన్నవాడి మీదా పడుతుంది, ఓటేసే ఎంపీ మీదా పడుతుంది. కాబట్టి చెయ్యెత్తే ముందు ఆలోచిస్తాడు. అమెరికా మీద వేస్తే మాత్రం ఆ ఎంపీకి ఒక్క పెన్నీ భారం పడదు సరికదా, అంతమేరకు అతని పన్నే తగ్గుతుంది. ఇలాంటి చోట ఎంత మంచివాడికైనా చెయ్యి దానంతట అదే లేస్తుంది. మొత్తం వివాదంలో నాకు జవాబు దొరకని వాదన ఇదొక్కటే. ఇది చేసిన డులానీ తర్వాత విప్లవంలో చేరలేదన్నది వేరే సంగతి.

స్టాంపు చట్టాన్ని 1766 మార్చిలో రద్దు చేశారు. అదే రోజు ఇంకో చట్టం చేశారు: వలస రాజ్యాల మీద ఏ విషయంలోనైనా సరే చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉంది అని. ఆ మాట మీద ప్రభువుల సభలో ఓటింగ్ జరిగితే 125 మంది సరేనన్నారు, ఐదుగురు కాదన్నారు. ఆ ఐదుగురిలో ఒకడు కారన్‌వాలిస్. అవును, 1781లో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్‌కు లొంగిపోయిన కారన్‌వాలిసే. తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దగ్గరికొచ్చి 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు ఏర్పాటు చేశాడు. అదే పద్ధతి 1802 నుంచి మన ఉత్తర సర్కారుల్లోకి వచ్చి జమీందారీల రూపంలో 1948 దాకా మనవాళ్ల నెత్తిన కూర్చుంది. అమెరికన్ల అనుమతి లేకుండా అమెరికన్ల మీద చట్టం చేయకూడదన్న మనిషికి గంజాం నుంచి కృష్ణ దాకా రైతుల అనుమతి గురించి ఆలోచనే రాలేదు.

ఇక జీతాల సంగతి. వలస రాజ్యాల్లో గవర్నరును నియమించేది రాజు, జీతం ఇచ్చేది స్థానిక చట్టసభ. అదీ ఏ ఏడుకాయేడు గ్రాంటుగా. ఇందులో ఉన్న కీలకం చట్టసభలకు బాగా తెలుసు. 1728లో విలియం బర్నెట్ అనే గవర్నరు బోస్టన్ వచ్చి, రాజుగారి ఆజ్ఞ, ఏడాదికి వెయ్యి పౌండ్ల శాశ్వత జీతం రాసివ్వండి అన్నాడు. ఈ ఏడాదికి ఎంతైనా ఇస్తాం, శాశ్వతంగా మాత్రం ఇవ్వం అని సభ్యులు మొండికేశారు. ఆయన సభను బోస్టన్ నుంచి సేలంకు మార్చాడు, గ్రాంటు తిరగ్గొట్టాడు, చివరికి మరుసటి ఏడాది ఆ పంతంలోనే చనిపోయాడు. కొన్నేళ్లకు లండనే దిగొచ్చింది. అంటే 1765 నాటికి ఆ జనానికి ఒక అలవాటు స్థిరపడి ఉంది. గవర్నరు మరీ ఎగిరితే గ్రాంటు ఆలస్యమవుతుంది, దారికొస్తే వెంటనే మంజూరవుతుంది. ఓటు, ప్రాతినిధ్యం లాంటి పెద్ద మాటలన్నీ రోజువారీ బతుకులో ఈ ఒక్క పట్టు మీదే నిలబడ్డాయి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. మా దగ్గర మెయింటెనెన్స్ పెంచితే వాట్సాప్ గ్రూపులో రెండ్రోజులు సణుగుడు, మూడో రోజు అందరూ కట్టేస్తారు. ఒకసారి మాత్రం బిల్డరు, వాచ్‌మన్ జీతం ఇక నుంచి నేనిస్తాను, మీరు ఆ డబ్బు నాకు కట్టండి, పైగా కొంచెం తక్కువే కట్టండి అన్నాడు. డబ్బు తగ్గుతున్నా ఒక్కరూ ఒప్పుకోలేదు. గేటు దగ్గర మనిషి రేపటి నుంచి ఎవరికి సలాం కొడతాడో అందరికీ అర్థమైంది.

1767లో ఆర్థికమంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ చేసింది సరిగ్గా అదే. గాజు, సీసం, రంగులు, కాగితం, టీ, ఈ ఐదింటి మీద చిన్న చిన్న సుంకాలు వేశాడు. చట్టం మొదట్లోనే రాశాడు, ఈ డబ్బు అమెరికాలో న్యాయ పరిపాలనకు, పౌర ప్రభుత్వ ఖర్చులకు వాడతామని. అంటే గవర్నర్లకు, జడ్జీలకు జీతాలు ఇక లండన్ నుంచి వస్తాయి, అదీ అమెరికన్ల దగ్గర వసూలు చేసిన డబ్బుతోనే. ఆయన అదే ఏడాది సెప్టెంబరులో చనిపోయాడు కాబట్టి తను వెలిగించిన మంట చూడలేదు. వసూలుకు బోస్టన్‌లో కొత్త కస్టమ్స్ బోర్డు వచ్చింది. బోర్డుకు రక్షణగా 1768లో సైన్యం దిగింది. సైన్యం దిగిన ఊళ్లో ఉండే టెన్షన్ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1770 మార్చి 5న కాల్పుల్లో ఐదుగురు పోయారు. సరిగ్గా అదే రోజు లండన్‌లో కొత్త ప్రధాని లార్డ్ నార్త్, టీ మీద తప్ప మిగతా సుంకాలన్నీ ఎత్తేద్దామని పార్లమెంటులో ప్రతిపాదించాడు. సుంకాలు పోయాయి. టీ మీద పౌను బరువుకు (దాదాపు అర కిలో) 3 పెన్నీలు, దానితో జీతాల పథకం మిగిలాయి.

తర్వాత మూడేళ్లు చాలావరకు సద్దుమణిగింది. వ్యాపారులు బహిష్కరణలు మానేశారు. బోస్టన్ ఉద్యమ నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ లాంటి వాళ్లకు చేతినిండా పని లేదు. మళ్లీ నిప్పు రాజేసింది పన్ను కాదు. 1772లో హచిన్సన్, అప్పటికి ఆయనే గవర్నరు, తన జీతం రాజుగారి నుంచి వస్తోంది కాబట్టి సభ గ్రాంటు అక్కర్లేదన్నాడు. వెనకే పెద్ద కోర్టు జడ్జీల జీతాలూ అంతే అన్న కబురొచ్చింది. ఆ నవంబరులోనే బోస్టన్‌లో ఉత్తర ప్రత్యుత్తరాల కమిటీ పుట్టింది. ఊరూరికీ ఉత్తరాలు రాసి ఊరూరా అలాంటి కమిటీలే పెట్టించింది. విప్లవానికి యంత్రాంగం అదే. ఆ కోర్టు జడ్జీల్లో నలుగురు ఒత్తిడికి రాజు జీతం వద్దన్నారు. చీఫ్ జస్టిస్ పీటర్ ఆలివర్ ఒక్కడే, సభ ఇచ్చే చాలీచాలని జీతంతో ఏళ్ల తరబడి చేతి డబ్బు పోగొట్టుకున్నాను, వదులుకోను అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. 1774లో సభ ఆయన మీద అభిశంసన పెట్టింది. ఆయన కూర్చుంటే మేం జ్యూరీలో కూర్చోం అని జ్యూరీ సభ్యులు లేచిపోయారు.

ఈ మధ్యలో వచ్చింది టీ. ఆ టీ ఈస్టిండియా కంపెనీది కాబట్టి కథలోకి మనమూ వస్తాం. టీ చైనాదే అయినా కంపెనీ కష్టాలు ఇక్కడివి. 1765లో బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు), 1766లో నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు చేతికొచ్చాక, ఇక బంగారం పండుతుందనుకున్న లండన్ మదుపరులు షేర్లు ఎగబడి కొన్నారు. 1769లో హైదర్ అలీ మద్రాసు గుమ్మం దాకా వచ్చాడన్న కబురుతో ఆ షేర్లు పడ్డాయి. (ఈయన పేరు అమెరికాలో ఎంత మోగిందంటే, 1782లో పెన్సిల్వేనియావాళ్లు తమ యుద్ధనౌకకు హైదర్ అలీ అని పేరు పెట్టుకున్నారు.) ఆ వెంటే బెంగాల్ కరువు. 1772లో లండన్ బ్యాంకులు కుప్పకూలాక కంపెనీ చేతులెత్తేసింది. గోదాముల్లో కోటీ డెబ్భై లక్షల పౌన్ల టీ మూలుగుతోంది. ప్రభుత్వం 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి, టీని నేరుగా అమెరికాకు పంపుకోమంది, బ్రిటన్‌లో కట్టిన సుంకం వెనక్కిచ్చేస్తామంది. ఆ 3 పెన్నీలు కూడా ఎత్తేయండి, గొడవే ఉండదు అని పార్లమెంటులోనే కొందరు మొత్తుకున్నారు. నార్త్ ఒప్పుకోలేదు. ఎందుకంటే గవర్నర్ల, జడ్జీల జీతాలు వచ్చేది ఆ 3 పెన్నీల్లోంచే.

బోస్టన్‌లో ఆ టీ అమ్మే హక్కు దక్కినవాళ్లలో హచిన్సన్ కొడుకులు ఇద్దరున్నారు. టీ అమ్ముడైతే సుంకం వస్తుంది, సుంకంలోంచి తండ్రికి జీతం, అమ్మకంలోంచి కొడుకులకు కమీషన్. ఇది చూశాక జనానికి ఇంకెవరూ ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేకపోయింది. దొంగతనంగా డచ్చి టీ అమ్ముకునే వ్యాపారుల కడుపుమంట కూడా ఇందులో ఉంది, దాచాల్సిందేం లేదు. పెన్సిల్వేనియాలో జాన్ డికిన్సన్ అనే లాయరు మాత్రం వేరే మాట ఎత్తాడు. ఈ కంపెనీ ఆసియాలో ఏం చేసిందో చూడండి, తిండిగింజలు గుప్పిట్లో పెట్టుకుని ధరలు పెంచి ఒక్క ఏడాదిలో పదిహేను లక్షల మందిని ఆకలితో చంపిందంటున్నారు, ఇప్పుడు వాళ్ల కన్ను మన మీద పడింది అని 1773 నవంబరులో రాశాడు. బెంగాల్ చావులు అమెరికా వాదనకు ఆయుధమయ్యాయి. ఆ చావుల మీద జాలి అందులో ఎంతుందో చెప్పలేను. డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోని 340కి పైగా పెట్టెలు నీళ్లపాలయ్యాయి. కంపెనీ లెక్క ప్రకారం నష్టం 9,659 పౌండ్లు.

విప్లవం అక్కడ మొదలైందంటారు. నన్నడిగితే తొమ్మిది నెలల తర్వాత వూస్టర్ అనే పల్లెటూరి పట్నంలో మొదలైంది. టీ నష్టానికి శిక్షగా లండన్ బోస్టన్ రేవు మూసేసింది, అది బోస్టన్ బాధ. కానీ మసాచుసెట్స్ ప్రభుత్వ చట్టం పేరుతో చేసింది ప్రతి పల్లెనూ తాకింది. సలహా మండలిని ఎన్నుకోవడం పోయి నియామకాలొచ్చాయి. జ్యూరీ సభ్యులను షెరీఫ్ ఏరుకుంటాడు. ఊరి సభ ఏడాదికి ఒక్కసారే, అంతకుమించి కావాలంటే గవర్నరు అనుమతి కావాలి. 1774 సెప్టెంబరు 6న వూస్టర్‌లో కోర్టు తెరవాలి. ఆ ఉదయం 37 ఊళ్ల నుంచి రైతులు దళాలు దళాలుగా వచ్చారు. ఒకాయన తలలు లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాడు, 4,622 మంది అని. కోర్టు భవనానికి అడ్డంగా నిలబడ్డారు. జడ్జీలు, అధికారులు పాతిక మంది దాకా దగ్గర్లో హేవుడ్ గారి సత్రంలో చిక్కుకున్నారు. సాయంత్రం రైతులు వీధికి రెండు పక్కలా బారులు తీరితే, జడ్జీలు టోపీ చేత్తో పట్టుకుని మధ్యలోంచి నడిచారు. కొన్ని అడుగులకోసారి ఆగి, కొత్త చట్టం కింద ఈ కోర్టు నడపబోమని చదివారు. చివరున్నవాళ్లకు వినపడాలి కదా, అందుకని ముప్పైసార్ల దాకా చదివారు. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ కౌంటీలో రాజుగారి పాలన ఆ సాయంత్రంతో సరి. యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ కాల్పులకు ఇంకా ఏడు నెలలుంది.

ఆ రైతుల్లో ఎక్కువమందికి ఓడలు లేవు, స్టాంపు చట్టం రద్దయి ఎనిమిదేళ్లయింది. వాళ్లను రోడ్డెక్కించింది కోర్టు. అప్పు కేసులో పొలం పోతుందా ఉంటుందా తేల్చేది ఆ జడ్జే. పెద్ద కోర్టు జడ్జీల జీతం, జ్యూరీకి మనుషులు రెండూ తమ చేతుల్లోంచి పోయాయి. 1776 జులై స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద మోపిన 27 ఆరోపణల్లో పన్ను గురించి సూటిగా ఉన్నది ఒక్కటే, అదీ ఎక్కడో సగం దాటాక. జడ్జీల ఉద్యోగం, జీతం తన ఇష్టం మీద ఆధారపడేలా చేసుకున్నాడన్నది దానికన్నా ముందే ఉంటుంది.

ఈ వాదనకు రెండు పెద్ద అడ్డంకులున్నాయి. మొదటిది, అనుమతి లేకుండా మమ్మల్ని ఏలొద్దన్న వాళ్లలో చాలామందికి బానిసలున్నారు. 1763లో రాజు అపలాచియన్ కొండలు దాటి స్థిరపడొద్దని గీత గీస్తే, అవతలి భూములు తెగల చేతుల్లో మిగిలిపోతున్నాయని మండిపడ్డవాళ్లలో వాషింగ్టన్ కూడా ఉన్నాడు. అనుమతి అడగాల్సిన జనం జాబితా వాళ్లకు చాలా చిన్నది. అందుకే దీన్ని నేను స్వేచ్ఛ కథగా చెప్పడం లేదు, చేతిలో పట్టు పోగొట్టుకున్నవాళ్ల కథగా చెప్తున్నాను.

రెండోదే గట్టిది. యుద్ధం అయ్యాక మసాచుసెట్స్ సొంత ప్రభుత్వం తన అప్పులు తీర్చడానికి బ్రిటన్ ఏనాడూ వేయనంత పన్నులు వేసింది, అదీ నాణేల్లో కట్టమంది. 1786 సెప్టెంబరు 5న అదే వూస్టర్‌లో మళ్లీ రైతులు బాయినెట్లతో కోర్టు మూసేశారు. ఈసారి ఎదురుగా నిలబడ్డ జడ్జి ఆర్టెమస్ వార్డ్, విప్లవ సైన్యంలో పెద్ద జనరల్. గుండెకు బాయినెట్ ఆనించినా రెండు గంటలు మాట్లాడాడు, వాళ్లు కదల్లేదు. మరి ఎన్నుకున్న సభ ఉన్నా తిరుగుబాటు వచ్చింది కదా, పన్ను బరువే అసలు కారణం కాదా? వచ్చింది, నిజమే. ఆ తిరుగుబాటును సైన్యంతో అణిచారు. పాత వీరుడు శామ్యూల్ ఆడమ్స్ వాళ్లకు ఉరే సరి అన్నాడు. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. 1787 ఎన్నికల్లో అణిచివేయించిన గవర్నరు బౌడిన్‌ను జనం చిత్తుగా ఓడించి జాన్ హాన్‌కాక్‌ను తెచ్చుకున్నారు. కొత్త సభ పన్నులు తగ్గించింది, తిరుగుబాటుదార్లలో దాదాపు అందరికీ క్షమాభిక్ష దొరికింది, మరుసటి ఏడాది వాళ్ల నాయకుడు డేనియల్ షేస్‌కు కూడా. 1774లో వూస్టర్ రైతులకు ఓడించడానికి ఎవరూ లేరు. లార్డ్ నార్త్ నియోజకవర్గం బ్యాన్‌బరీ, అక్కడ వాళ్లకు ఓటు లేదు.